తూముకు కట్టిన తంగేడు మండ

పోయిన వారం కథ ఆపినప్పుడు బస్సును ఆత్మకూరు స్టాండులో వదిలి వచ్చాను. ఇంజను ఆపలేదు. ఓనరు చూడటం లేదు కాబట్టి పెట్రోలు కాలుతూనే ఉంది.

ఈ వారమే బస్సెక్కినవాళ్ళకు సంగతి చెప్పాలి. ఉదయగిరి దాటి సీతారామపురం దాకా మొట్టమొదటి బస్సు మా ఓనరు వేశాడు. ఆ దారి పేరు చెబితే డ్రైవర్లు మొహం తిప్పుకున్నారు. నేను ఒప్పుకున్నాను. సీతారామపురానికి ఇవతల ఎర్రచెరువుపల్లె ఉంది. అది మా ఊరు. మమ్మల్ని తరిమిన ఊరు. పలకను బడి వసారాలో వదిలేసి, మా అమ్మ కొంగు పట్టుకుని నేను బయటికి నడిచిన ఊరు. ఆ తర్వాత మళ్ళీ పలక ముట్టలేదు.

మా నాయన హుసేనయ్య ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరవడం, మూయడం ఆయన పని. తుఫాను పట్టిన రాత్రి తాగి పడుకుని తూము తెరవలేదనీ, అందుకే కట్ట తెగి ఊరు మునిగిందనీ పెద్దరెడ్డి పంచాయతీలో అన్నాడు. ఊరు నమ్మింది. పొలిమేర రాయి దాకా తోలుకొచ్చి మమ్మల్ని అవతలికి పంపించారు. నాయన సంగం దాకా మాతో నడిచాడు. అక్కడుండగా ఒక గురువారం అనుమసముద్రంపేట దర్గాకు పోయొస్తానని పోయాడు. మళ్ళీ రాలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పొలిమేర దాటించిన మనిషి తనంతట తాను ఊళ్ళోకి రాకూడదు. ఏ ఇంటివాళ్ళు పొమ్మన్నారో ఆ ఇంటివాళ్ళే రాయి దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవాలి. మా అమ్మ ఓబులమ్మ దానికి ఇంకో మాట కలిపింది. "నడిచి పోయినాను. కూర్చోని వస్తాను." అందుకే తెల్లవారగానే నెల్లూరులో ఆమెను నా పక్కన ముందు సీటులో కూర్చోబెట్టాను. నా భార్య వెంగమ్మ వెనక బల్ల మీద కూర్చుంది. ఆత్మకూరులో టిక్కెట్లు అయిపోయి, కండక్టరు శీనయ్య రైట్ అనబోతుండగా, పెద్దరెడ్డి కొడుకు రామనారాయణ రెడ్డి పనిమనిషి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. అక్కడ ఆగాం.

"రెడ్డి బోంచేస్తా ఉండాడు. బస్సు ఆపు," అన్నాడు వాడు.

"ఎంతసేపు?"

"అది రెడ్డిని అడగాల."

"పోయి అడుగు."

"తినేటప్పుడు అడిగితే ఊరుకుంటాడా?"

ఇందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో బస్సులు టైము ప్రకారం నడిచేవని ఎవరైనా చెబితే, వాళ్ళు బస్సు ఆపించగల ఇళ్ళలో పుట్టారని అర్థం చేసుకోవాలి. రెడ్డి స్నానం అయ్యేదాకా, ఆయన అల్లుడు కాఫీ తాగేదాకా బస్సు ఊపిరి బిగబట్టుకుని నిలబడేది. లోపల పిల్లలు ఏడ్చేవాళ్ళు. నేను కూడా చాలాసార్లు ఆపాను. ఉద్యోగం అలాంటిది.

శీనయ్య నా కిటికీ దగ్గరికి వచ్చాడు. "మాలకొండన్నా, ఆపుదాం. రేపు గూడా ఈ దారిలో తిరగాల గదా మనం."

వెనక నుంచి వెంగమ్మ అందుకుంది. "ఆపండి, ఆపండి. అన్నం అయినాక ఆకూవక్కా. ఆకూవక్కా అయినాక ఒక కునుకు. శీనయ్యా, టాపు మీద చాపలేమన్నా ఉంటే దించు, మనమూ పడుకుందాం."

బస్సంతా నవ్వింది. మా అమ్మ నవ్వలేదు. రోడ్డు వైపే చూస్తూ, "పొద్దు గుంకక ముందు రాయి దగ్గరుండాల నాయనా," అంది.

గేరు వేశాను. పనిమనిషి పక్కకు దూకాడు. స్టాండు మొగదలకు వచ్చేసరికి హోటలు మెట్ల మీద నుంచి రామనారాయణ రెడ్డి దిగి, ఎంగిలి చెయ్యి పక్కకు చాపి, రెండో చేత్తో పంచె ఎత్తి పట్టుకుని బస్సు వెంట వచ్చాడు. ఆ ఇంటి మనిషి పరుగెత్తడం నేను చూడటం అదే మొదలు. కొంచెం దూరం ఎక్కువే పరుగెత్తించి ఆపాను.

ఆయన కారు ఆత్మకూరులోనే చెడిపోయి షెడ్డులో ఉందట. లేకుంటే మా బస్సు మొహం ఎందుకు చూస్తాడు? చెయ్యి కడుక్కుని, ఆయాసం తీర్చుకుని, ముందు తలుపు తీశాడు. మా అమ్మను చూశాడు.

"ఎవురీ ముసల్ది? ఎనక్కి పంపు."

"మా అమ్మ," అన్నాను.

"ఎవురైతే ఏంది. నేను కూచునే సీటది."

"ఈ బస్సు ఈ పొద్దే రోడ్డెక్కినాది రెడ్డీ. ఎవురు కూచునే సీటూ ఇందులో ఇంకా లేదు."

అప్పుడు నా మొహం పరీక్షగా చూశాడు. "నువ్వు హుసేనయ్య కొడుకువి గదరా. మాలకొండ. బళ్ళో నా పక్కన కూచునేవాడివి."

"పక్కన గాదు. నువ్వు పీట మీద. నేను కింద."

"నోరు బాగానే వచ్చినాది." బస్సంతా వినేలా గొంతు పెంచాడు. "ఊరు ముంచినోడి పెళ్ళాం ముందు కూచుంటే, నేను పోయి ఎనక కూచోవాల్నా?"

మా అమ్మ తల తిప్పలేదు. "ఎనక సగం గూడా ఆ ఊరికే పోతాది రెడ్డీ," అంది.

ఈసారి నవ్వు టాపు మీది నుంచి కూడా వినిపించింది. ఆయన మెడ ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఇంతలో ఆయన వెనక, రోడ్డు మీద చేతికర్ర చప్పుడు. ఆయన తల్లి ప్రమీలమ్మ. తెల్లచీర, వంగిన నడుం. ఒకప్పుడు ఆమె మేడమెట్ల మీద నిలబడితే మేము తల ఎత్తి మొహం చూసేవాళ్ళం కాదు.

"నువ్వు ఎనక కూచో అబ్బయా," అని కొడుకుతో అంది. తర్వాత సీటు కమ్మీ పట్టుకుని ఎక్కి, "ఓబులమ్మా, రవ్వంత జరుగు," అంది.

మా అమ్మ జరిగింది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి జరిగింది. రెడ్డికి వెనక చోటు దొరికింది, ఎండుచేపల గంప పక్కన. చేపలతో పాటు ఆయనను కూడా సీతారామపురం దారి పట్టించాను.

అనుమసముద్రంపేటలో దర్గా దగ్గర ఆపడం మా అమ్మకు నేనిచ్చిన మాట. ఏటా వచ్చి చక్కెర చదివించి పోతుంది. మా నాయనకు ఆ పేరు ఆ దర్గా మొక్కు వల్లే వచ్చింది. ఆయన జాడ కూడా అక్కడే ఆగిపోయింది. మా అమ్మ దిగింది. ఆమె వెనకే ప్రమీలమ్మ కూడా దిగడం నేను అనుకోలేదు.

బానెట్టు చల్లబడేలోగా ఇద్దరూ తిరిగొచ్చారు. మా అమ్మ చక్కెర అందరికీ పంచింది. ప్రమీలమ్మ చేతిలో చక్కెర అలాగే ఉంది, చెమటకు తడిసి వేళ్ళకు అంటుకుని.

"తినండి పెద్దమ్మా," అంది మా అమ్మ.

"ఏటేటా వస్తావంట గదా. ఏమడుగుతావు?"

"మనిషిని అడుగుతాను. మనిషిని ఇవ్వకుంటే పోనీ, ఆయన పేరన్నా కడిగియ్యమంటాను."

ప్రమీలమ్మ ఆ చక్కెర నోట్లో వేసుకోలేదు. చీరకొంగులో ముడి వేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. మా చేతి చక్కెర కూడా మింగుడు పడదు కాబోలు అనుకున్నాను.

ఉదయగిరిలో కొండ నీడ రోడ్డు మీదికి వచ్చేసింది. బస్సును చూడటానికి జనం మూగారు. టీ కొట్టు కామయ్య నాకు డబ్బులు పుచ్చుకోకుండా టీ ఇచ్చాడు. నా జీవితంలో అలాంటి టీలు తక్కువ కాబట్టి అది గుర్తుంది.

"నువ్వేనా మాలకొండయ్యవు?" అన్నాడు. "నీ కోసం ఒక ముసలాయన అడిగినాడబ్బా. రోజూ వచ్చి, సీతారామపురం బస్సు ఎప్పుడు పడతాది, డ్రైవరు ఎవురు అని ఒకటే అడగడం. మొన్న నీ పేరు చెప్పినాను. దగ్గుతానే నవ్వినాడు. టీ గూడా తాగకుండా నడిచి పోయినాడు."

"బస్సు రాక ముందే నడిచిపోయినాడా? తెలివైనోడే," అన్నాను. కొత్త బస్సు గురించి అడగని ముసలివాడు ఆ చుట్టుపక్కల ఎవడున్నాడు? గ్లాసు ఇచ్చేసి, ఇంజను స్టార్టు చేసే ఇనప హ్యాండిల్ తిప్పించాను.

ఉదయగిరి దాటాక ఎత్తు. ఎక్కీ ఎక్కీ రేడియేటరు కుతకుతలాడింది. ఒక వాగు పక్కన ఆపి, శీనయ్యను నీళ్ళకు పంపాను. ఇంజను ఆగేసరికి బస్సులో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కోసమే రామనారాయణ రెడ్డి ఇంతదాకా ఓర్చుకున్నట్టున్నాడు.

"నీళ్ళంటే గుర్తొచ్చినాది," అన్నాడు, పక్కవాళ్ళతో అన్నట్టుగా. "మా ఊళ్ళో ఒక నీరుగంటి ఉండేవాడు. నీళ్ళు తప్ప అన్నీ తాగేవాడు. చెరువు తెగేటప్పుడు గురక పెడతా ఉండినాడంట."

ఎవరూ నవ్వలేదు. నేను తలుపు తీసి దిగబోయాను. నా చేతిలో హ్యాండిల్ ఉంది. మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "కూచో," అంది. తర్వాత వెనక్కి తిరిగింది. ఆ రోజు ఆమె వెనక్కి తిరగడం అదే మొదలు.

"ఆ రాత్రి లాంతరు నేను పట్టుకున్నాను రెడ్డీ. తూము తెరిచినాడు. మండ కట్టినాడు. నా కండ్లతో చూసినాను."

మండ గురించి బయటివాళ్ళకు తెలియదు. మా చెరువులో తూము తెరిచినప్పుడు నీరుగంటి తూము రాతికంబానికి తంగేడు మండ, అంటే పూల కొమ్మ, కడతాడు. పసుపుపచ్చని పూలు దూరానికి కూడా కనిపిస్తాయి. మండ కట్టి ఉన్నంతసేపూ ఆ తూము మీద నీరుగంటి తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఎంత పెద్ద కమతం ఉన్నవాడైనా సరే. మా నాయన ఎడంచేతి వాటం మనిషి. ముడి వేస్తే కొసలు రెండూ పైకి నిలబడేవి, లేగదూడ చెవుల్లాగా. అలా ఇంకెవరికీ కుదిరేది కాదు.

రెడ్డి నిదానంగా అన్నాడు. "మండ కడితే పొద్దునకు యాడ పోయినాది? ఊరంతా చూసినారు. కంబానికి ఏమీ లేదే. కట్ట తెగినాది తూముకు అవతల. కంబం చెక్కు చెదరలేదు. మండ ఒక్కటే ఎగిరిపోయినాదా?"

పంచాయతీలో ఆయన తండ్రి అడిగింది కూడా ఇదే. అప్పుడూ మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు.

"మండ నేను చూసినాను."

ఎవరు అన్నారో ఒక క్షణం ఎవరికీ తెలియలేదు. ప్రమీలమ్మ ముందుకే చూస్తూ ఉంది, అద్దంలోకి, రోడ్డు మీదికి.

"అమ్మా," అన్నాడు రెడ్డి.

"మీ నాయన చేతిలో చూసినాను. తూము తెరిస్తే నీళ్ళు పోయి, కింద కోతకొచ్చిన మన వరి పడిపోతాదని ఆ వానలో తానే పోయినాడు. మండ పీకేసి తూము మూసి వచ్చినాడు. మండను పొయ్యిలో వేసినాడు. తడి మండ. అంటుకోలా. ఇల్లంతా పొగ. ఆ పొగకు నేను దగ్గుతా ఉండంగానే, చెరువు తెగిందని బయట కేకలు."

శీనయ్య నీళ్ళ డబ్బాతో వచ్చి, మా మొహాలు చూసి, అక్కడే నిలబడిపోయాడు.

"ముసల్దానికి మతి తప్పినాది," అన్నాడు రెడ్డి. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

మా అమ్మ అడిగింది. "అంత తెలిసీ ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"మొగుడు."

"ఆయన పోయి శానా ఏండ్లయింది గదా."

"తరవాత కొడుకు ఉండాడు." ప్రమీలమ్మ కొంగుముడి విప్పింది. చక్కెర ముద్దకట్టి ఉంది. "నీ చేతి చక్కెర ఏ మొహం పెట్టుకుని తినమంటావు? అందుకే తినలా."

అప్పుడు వెనక బల్ల మీద ఒక ముసలాయన లేచాడు. మా ఊరి వెంగయ్య. మా ఊరి పేరు చెప్పకుండా సీతారామపురం దాకా టిక్కెట్టు తీసుకుని, ఇంతసేపూ తలగుడ్డ మొహం మీదికి లాక్కుని మా కంటపడకుండా కూర్చున్నాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఓబులమ్మా, ఆ పొద్దు మీ ఆయన మీద మొదటి రాయి నాది. నా దూడలు రెండూ నీళ్ళలో పోయినాయని కొట్టినాను. ఇప్పుడేం జేయాల నేను?"

మా అమ్మ ఆయన్ను చూసింది. "కూచో వెంగన్నా. బస్సు కదిలితే పడతావు," అంది.

ఇన్నేళ్ళూ ఈ క్షణం వస్తే ఎవరెవరిని ఏమేం అనాలో నేను మాటలు దాచిపెట్టుకున్నాను. మంచి మాటలు, పదునైనవి. ఒక్కటీ పనికి రాలేదు. రేడియేటరులో నీళ్ళు పోసి, మూత బిగించి, బండి తీశాను. ఆ ఎత్తంతా మూడో గేరులో ఎక్కింది, నమ్మండి, నమ్మకపోండి.

పొద్దు ఇంకా ఉండగానే పొలిమేర రాయి కనిపించింది. బస్సు వస్తుందని తెలిసి ఊరంతా అక్కడే ఉంది. పలక డప్పులు వాయిస్తున్నారు. టెంకాయలు పట్టుకుని ఉన్నారు. బస్సుకు కొడదామని తెచ్చిన టెంకాయలు. రాయికి ఇవతలే ఆపాను. వాళ్ళు రమ్మని చేతులూపారు. నేను ఇంజను ఆపేశాను. పలకల మోత ఒకటొకటిగా తగ్గింది.

మా అమ్మ కదలకుండా కూర్చుంది.

వెంగయ్య అందరికంటే ముందు దిగాడు. దిగి జనంలోకి పోయి ఏదో చెప్పాడు. అది చేలో నిప్పులాగా ఒకరి నుంచి ఒకరికి పాకడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ప్రమీలమ్మ కొడుకును చూసింది. "దిగు. పిలువు."

"నన్ను నలుగుర్లో..."

"నువ్వు పిలవకుంటే నేను పిలుస్తాను. పిలిచి, ఆమెతోనే ఆమె గుడిసెకు పోతాను. మేడకు రాను."

రామనారాయణ రెడ్డి దిగాడు. పంచె నిండా ఎండుచేపల పొట్టు. రాయికి అవతల నిలబడి, నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఓబులమ్మా, ఊళ్ళోకి రా."

అంతే చాలనుకున్నాను నేను. నా చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. మా అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నన్ను గాదు రెడ్డీ. మీరు ఎల్లగొట్టింది నీరుగంటిని. నేను ఆయన ఎనక పోయినాను. ఆయన్ను పిలువు."

"లేని మనిషిని పిలిస్తే ఏమొస్తాది?"

"లేని తప్పు వేసేదానికి వచ్చినాది గదా నోరు. పిలువు."

పిలిచాడు. మొదటిసారి ఆయనకే వినపడలేదు. జనంలోంచి ఎవరో, "రెడ్డీ, మాకు వినపడలా," అన్నారు. ఆయన తల ఎత్తాడు. ఇంక ఎటూ పోయే దారి లేదని తెలిసినవాడిలాగా, గొంతు చించుకుని అరిచాడు.

"హుసేనయ్యా! ఊళ్ళోకి రా!"

చెరువుకట్ట ఆ పేరును తిరిగి పలికింది. ఒక్క క్షణం ఆగి పలకలు మోగాయి, ఇందాకటి కంటే గట్టిగా. టెంకాయలు పగిలాయి. బస్సు ముందు కాదు, మా అమ్మ కూర్చున్న తలుపు ముందు. వెంగమ్మ వెనక బల్ల మీద నుంచి వచ్చి నా చెయ్యి పక్కకు నెట్టి, రబ్బరు హారన్ పట్టుకుని పిసికింది. ఇక వదలలేదు. నేను బండి తీశాను. మా అమ్మ కూర్చునే, రాయి దాటింది.

కట్ట మీది దారిలో బస్సు మెల్లగా పోతోంది. ముందు పిల్లలు, వెనక ఊరు. చెరువు నిండుగా ఉంది. నేను గెలిచినవాడి మొహం పెట్టుకుని స్టీరింగు తిప్పుతున్నాను. అలాంటి మొహం నాకు అలవాటు లేదు, బుగ్గలు నొప్పి పుట్టాయి.

"ఆపు," అంది మా అమ్మ.

ఎందుకని అడగబోయి, ఆమె చూస్తున్న వైపు చూశాను. కట్ట దిగువన తూము. పక్కనే రాతికంబం. మా నాయన పోయాక ఆ కంబానికి మండ కట్టినవాడు లేడు. ఆ పద్ధతే పోయిందని వెంగయ్య తర్వాత చెప్పాడు. ఇప్పుడు కంబానికి తంగేడు మండ ఉంది. పచ్చిది. పూలు రాలలేదు. తూములోంచి నీళ్ళు దూకుతున్నాయి.

"పెద్దమ్మా, ఇది ఎవురు కట్టినారు?" అన్నాను.

"నేను ఊరు దాటేటప్పుడు లేదబ్బయా," అంది ప్రమీలమ్మ.

కూర్చునే వస్తానన్న మా అమ్మ అప్పటికే తలుపు తీసుకుని దిగింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కట్ట దిగి కంబం దగ్గరికి పోయింది. మండ కట్టిన తూము మీద నీరుగంటి తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఊరంతా చూస్తుండగా మా అమ్మ చెయ్యి చాపి ఆ ముడిని తాకింది. నేనూ దిగి దగ్గరికి వెళ్ళేవరకూ ఆ ముడి నాకు సరిగ్గా కనిపించలేదు. పక్కన నిలబడ్డాక కనిపించింది. కొసలు రెండూ పైకి నిలబడి ఉన్నాయి, లేగదూడ చెవుల్లాగా.

తూము వెనక, నీళ్ళ హోరులో, ఎవరో దగ్గారు.